నూనె అక్కర్లేని బుష్షు

పేపరు మీద తొమ్మిది పేర్లున్నాయి. బుష్షు మాత్రం ఒక్కటే.

బుష్షంటే ఇరుసు తిరిగే రంధ్రంలో కూర్చునే చిన్న గొట్టం ముక్క. ఇరుసు అరగకూడదని తను అరుగుతుంది. ఇనుముదైనా ఇత్తడిదైనా దానికి నూనె పడుతూ ఉండాలి. అమ్మాయి చేసింది కొయ్య బుష్షు. గట్టి కొయ్యను బాగా ఆరబెట్టి, కోసి, తొలిచి, మైనంలో సన్నసెగ మీద ఉడికించి, మైనం నరనరానికీ ఇంకాక చల్లార్చి తీసింది. దానికి నూనె అక్కర్లేదు. గిలకకో పిండిమరకో బిగించి వదిలేస్తే తన మైనంతో తనే తిరుగుతుంది. పేపరులో ఉన్నది ఇంతే. చదవడానికి ఒక పూట చాలు. చెయ్యడానికి ఆమెకు ఏళ్ళు పట్టింది.

ఆమెను ఆ సంస్థలో అందరూ అమ్మాయి అనేవారు. చేరినప్పుడు అలా పిలిచారు. కణతల దగ్గర ఒకటి రెండు తెల్ల వెంట్రుకలు వచ్చినా పిలుపు మారలేదు.

పేర్ల వరుసకు అక్కడ ఒక పద్ధతి ఉంది. ఎవరి కుర్చీ పెద్దదో వారి పేరు ముందు. డైరెక్టరు కుర్చీకి వీపు తల కంటే ఎత్తు, అందుకని ఆయన మొదటివాడు. తర్వాత అమ్మాయి గైడు. గైడంటే పరిశోధన చేసేవాళ్ళకి దారి చూపించే పెద్ద. ఆయన ఎప్పుడూ డైరెక్టరు వెనకాలే నడిచేవాడు గనుక ఆ దారి ఒక్కటే ఆయనకు తెలుసు. తర్వాత కామా మాస్టారు. ఆ తర్వాత మిషను ఉన్న భవనానికి పెద్ద, ఆయన్ని బిల్డింగు సారు అనేవారు. ఇంకా నలుగురు. చిట్టచివర అమ్మాయి. లాబ్‌లో ఆమెకున్నది స్టూలు.

సంతకాలకూ ఒక పద్ధతి ఉంది. సంతకం పడాల్సిన చోట కాగితం అంచున ఎర్రటి చీటీ అతికిస్తారు, నాలుక బయటపెట్టినట్టు. డైరెక్టరు కాగితం చూడడు, నాలుక చూస్తాడు. చూసి సంతకం పెట్టి, పక్కకు తోసి, ఇంకో నాలుక కోసం చెయ్యి చాస్తాడు. కిందివాళ్ళంతా ఆయన్ని చూసి నేర్చుకున్నవాళ్ళే. ఆ ఎర్రచీటీల కట్ట అయిపోయిన వారంలో సంస్థలో ఏ పనీ జరగలేదు.

పేపరు పత్రికకు వెళ్ళింది. కొన్నాళ్ళకు సంపాదకుడి నుంచి జవాబొచ్చింది. అందులో రెండు సంగతులున్నాయి. పేపరు చదివిన రివ్యూయరు ఒకాయన, బుష్షును ఇప్పటిదాకా తిప్పినంత కాలం మళ్ళీ తిప్పి చూపించమన్నాడు. అది న్యాయమే. రెండోది పత్రికవారి కొత్త నియమం. ప్రతి రచయితా ఈ పేపరులో తాను ఏం పని చేశాడో ఒక్క వాక్యంలో రాసి, దాని కింద సంతకం పెట్టాలి. ఏ పనీ చెయ్యనివారి పేరు తీసేస్తారు.

అమ్మాయి దాన్ని రెండుసార్లు చదువుకుంది. ఆమెకొక ఉద్యోగం ఎదురుచూస్తోంది. వేరే ఊళ్ళో ఒక కాలేజీ వాళ్ళు, పేపరు తీసుకున్నామని పత్రిక రాసిన మాట చూపిస్తే పాఠాలు చెప్పే ఉద్యోగం ఇస్తామన్నారు. తరగతులు మొదలయ్యేలోపు చూపించాలి. లేకపోతే వరుసలో తర్వాతివాళ్ళకు. ఇక్కడి భత్యం ఆగిపోయి చాలా కాలమైంది. ఇప్పుడామె ఉంటున్నది అక్క ఇంట్లో, కుట్టుమిషను ఉన్న గదిలో.

ఆ సాయంత్రం బావ కంచం ముందు కూర్చుని జవాబంతా చెప్పించుకున్నాడు. ఆయన బస్సు డ్రైవరు.

"అయితే బుష్షు డాక్టరమ్మా, ఒక బస్సుకి తొమ్మిది మంది డ్రైవర్లన్నమాట."

"నడిపేది ఒకళ్ళే బావా. మిగతావాళ్ళు ముందు సీట్లలో కూర్చుంటారు."

"టిక్కెట్టు తీస్తారా?"

"వాళ్ళకి పాసులుంటాయి."

"ఇప్పుడు చెకింగు వచ్చిందన్నమాట. దిగిపొమ్మను."

"దింపేది నేనా? బస్సు వాళ్ళది."

"మరి నీదేంటే?"

"తోసేది."

అక్క నవ్వు ఆపుకుంటూ, "దాన్ని తిననియ్యండి" అంది.

మర్నాడు డైరెక్టరు గదిలో అందరూ చేరారు. గైడు జవాబు చదివి వినిపించాడు.

"ఏం పని చేశారని అడగడమేంటయ్యా?" అన్నాడు డైరెక్టరు. ఆయనకు కోపం కంటే ఆశ్చర్యం ఎక్కువగా ఉంది. "నా సర్వీసులో ఇలాంటి మాట ఎవ్వరూ అడగలేదు."

"అవును సార్" అన్నాడు గైడు.

"నాకు ఇబ్బంది లేదు" అన్నాడు బిల్డింగు సారు. "మిషను మా బిల్డింగులోనే కదా తిరుగుతోంది. అది పని కాదా?"

"అది బిల్డింగు చేసిన పనండీ" అంది అమ్మాయి. అన్నాక తల దించుకుంది.

కామా మాస్టారు గొంతు సవరించుకున్నాడు. ఆయన ఏ కాగితం చేతికొచ్చినా కామాలు పెట్టేవాడు, లేదా ఉన్నవి తీసేవాడు. "భాష సంగతి నేను చూశానని రాసుకోవచ్చు."

"చూశారా?" అన్నాడు డైరెక్టరు.

"చూడలేదండి. చూస్తాను."

ఆ మాట దగ్గర డైరెక్టరు ముఖం వెలిగింది. ముందుకు వంగాడు. "అదీ! అబద్ధం రాయొద్దు. మన సంస్థకు కొన్ని విలువలున్నాయి. ఏం చేశామని అడుగుతున్నారు, అంతే కదా? ఎప్పుడు చేశారని అడగలేదు కదా? ఇప్పుడు చేద్దాం. తలా ఒక పని చెయ్యండి. చేసిందే రాయండి."

అందరి ముఖాల్లోకీ నెత్తురొచ్చింది. ఒకాయన గ్రాఫులో ఎర్ర గీతను నీలం చేస్తానన్నాడు. ఇంకొకాయన ఆ నీలం మరీ ముదురు కాకుండా చూస్తానన్నాడు. మరో ఇద్దరు కలిసి పేపరు పేరు మారుస్తామన్నారు, ఏమని మార్చాలో తెలియక సాయంత్రందాకా గడువు అడిగారు.

"నేను మాత్రం కాగితం పని చెయ్యను" అన్నాడు డైరెక్టరు. "మొదటి పేరు నాది. ప్రయోగంలోనే పాల్గొంటాను. నా చేత్తో."

"చాలా బాగుంటుంది సార్" అన్నాడు గైడు.

"వాక్యాలు?" అంది అమ్మాయి. "ఎవరికి వారు రాయాలట."

"నువ్వే రాసెయ్యమ్మా" అన్నారు నలుగురైదుగురు ఒక్క గొంతుతో. "మేం సంతకం పెడతాం."

అమ్మాయి లాబ్ వసారా చివర రేకుల షెడ్డులో ఉండేది. రంపపు పొట్టు వాసన, వేడెక్కిన మోటారు వాసన కలిసి ఉండేవి. మిషను చూడ్డానికి ఏమంత గొప్పగా ఉండదు. మోటారు, బెల్టు, ఇరుసు, దాన్ని పట్టుకుని కొయ్య బుష్షు, బుష్షు మీద భారం దించే ఇనుప చేయి, ఆ చేతికి వేలాడే బరువు. పక్కన అరుగుదల చూపించే గుండ్రటి డయలు. అది రాత్రింబవళ్ళు తిరగాలి. ఆపితే మొదటికొస్తుంది. తెల్లవారి చల్లదనానికి బుష్షు కాసేపు కిర్రుమనేది. ఎండెక్కి మైనం మెత్తబడగానే చప్పుడు పోయేది. ఆ చప్పుడు అమ్మాయికి ఇష్టం. షెడ్డు మేస్త్రికి కూడా.

మేస్త్రి పాత అట్టముక్క మీద ఎర్రరంగుతో 'నూనె పొయ్యొద్దు' అని రాసి, దారం కట్టి, సరిగ్గా బుష్షు పైన వేలాడదీశాడు. చదువురానివాడు వస్తే తెలియదని కింద నూనెడబ్బా బొమ్మ గీసి కొట్టేశాడు. చదువుకున్నవాళ్ళ సంగతి ఆయనకు తట్టలేదు.

రివ్యూయరు అడిగిన కాలంలో సగం పైగా గడిచింది. డయలు ముల్లు కదిలీ కదలనట్టుంది. గ్రాఫులో గీత చెరువు మీది నీళ్ళలా తిన్నగా పోతోంది. అమ్మాయి కాలేజీ ఉన్న ఊళ్ళో అద్దె గదుల గురించి విచారించడం మొదలుపెట్టింది.

ఆ రోజు పొద్దున్నే కామా మాస్టారు కబురు పెట్టాడు. వెళ్ళేసరికి పేపరు ముందేసుకుని కూర్చున్నాడు.

"కూర్చోమ్మా. ఇదిగో, ఇక్కడ కామా తీసేశాను. మొత్తం చదివి చూస్తే అది ఉంటేనే బాగుందనిపించింది. మళ్ళీ పెట్టాను."

"సరేనండి."

"తీసింది ఒక పని, పెట్టింది ఒక పని. రెండూ వాక్యంలో వస్తాయా?"

"వస్తాయండి."

"తొందరపడకు. రెండో పేజీ చూద్దాం. ఇక్కడ ఊపిరి తీసుకోవాలి. నువ్వు తీసుకోలేదు."

ఆమె కిటికీలోంచి షెడ్డు వైపు చూసింది. షెడ్డు ముందు డైరెక్టరు కారు ఆగింది. లేవబోతే మాస్టారు కలంతో కూర్చోమని సైగ చేశాడు. ఊపిరి తీసుకోవాల్సిన చోట్లు ఇంకా చాలా ఉన్నాయి.

షెడ్డులో ఏం జరిగిందో ఆమెకు తర్వాత మేస్త్రి చెప్పాడు.

డైరెక్టరు ఫొటోగ్రాఫరుతో, గైడుతో, ఇంకో ఇద్దరితో వచ్చాడు. తెల్ల కోటు కొత్తది, మడతలు ఇంకా విడలేదు. కూర్చోడానికి ఏదీ అని అడిగాడు. స్టూలు చూపిస్తే ఫొటోలో బాగుండదన్నారు. మేస్త్రిని ఆఫీసు నుంచి కుర్చీ తెమ్మని పంపారు. ఆయన అటు వెళ్ళగానే ఫొటోగ్రాఫరు కెమెరాలోంచి చూసి, "ఈ అట్ట సారు ముఖానికి అడ్డమొస్తోంది" అని దారం తెంపి పక్కన పెట్టాడు.

చల్లటి పూట. బుష్షు కిర్రుమంది.

"ఏంటా చప్పుడు?" అన్నాడు డైరెక్టరు.

"తిరుగుతోంది సార్."

"కిర్రుమంటోందయ్యా! ఇన్నాళ్ళుగా ఇలాగే వదిలేశారా? నూనె చుక్క కూడా పొయ్యలేదా ఎవరూ?" అల్మరా పైన వేరే మిషను తాలూకు నూనెడబ్బా ఉంది. ఆయన దాన్ని స్వయంగా అందుకున్నాడు. చేత్తో చేసే పని దొరికినందుకు సంతోషం ముఖం నిండా ఉంది.

గైడు ముందుకొచ్చాడు. ఆయనకు తెలుసు. పేపరు ఆసాంతం కాకపోయినా పేరైనా చదివాడు.

"సార్..."

"ఏంటి?"

గైడు డబ్బా వైపు చూసి, కోటు వైపు చూశాడు. "ఏం లేదు సార్. కోటు జాగ్రత్త."

డైరెక్టరు నూనె పోశాడు. కెమెరా మెరిసింది. సరిగా రాలేదంటే మళ్ళీ పోశాడు. కిర్రుమనడం ఆగిపోయింది. అక్కడున్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆయన డబ్బా కింద పెట్టి, "చిన్న చిన్న విషయాలయ్యా, చూసుకోవాలి" అన్నాడు. మేస్త్రి కుర్చీ నెత్తిన పెట్టుకుని గుమ్మంలో నిలబడిపోయాడు. ఆయన తిరిగొచ్చింది కోటు మాట వేళకే, అంతకు ముందుది ఫొటోగ్రాఫరు చెప్పగా విన్నాడు.

అమ్మాయి వచ్చేసరికి ఎవరూ లేరు. ఇరుసు చుట్టూ మెరుపు కనిపించింది. ముందు అర్థం కాలేదు. వేలితో తాకి వాసన చూసింది. మేస్త్రి కుర్చీ ఇంకా కింద పెట్టలేదు.

"నేను లేనమ్మా" అన్నాడు. "కుర్చీకని పంపారు."

ఆమె స్టూలు లాక్కుని డయలు ముందు కూర్చుంది. నూనె కొయ్యలోకి ఇంకి మైనాన్ని కరిగించడం మొదలుపెట్టింది. ఇరుసు కింద లేత పసుపు రంగు చుక్క పడింది, ఇంకోటి పడింది. మధ్యాహ్నానికి కొయ్య ఉబ్బి ఇరుసును పట్టేసింది. మోటారు మూలిగింది, బెల్టు కమురు వాసనేసింది. మేస్త్రి వెళ్ళి మీట దించాడు. షెడ్డులో అంత నిశ్శబ్దం చాలా కాలంగా లేదు.

ఇంకో బుష్షు చెయ్యాలంటే కొయ్య ఆరాలి, ఉడకాలి, మొదటి నుంచీ తిరగాలి. తరగతులు అప్పటిదాకా ఆగవు.

గైడు సాయంత్రం షెడ్డు వైపు వచ్చాడు. లోపలికి రాలేదు, గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"జరిగింది జరిగింది. పెద్దాయనకి చెప్పి ఏం లాభం? బాధపడతారు."

"నూనె అక్కర్లేదని మొదటి వాక్యంలోనే ఉందండి. మొదటి పేరు కింద."

"ఉందనుకో." ఆయన గొంతు తగ్గించాడు. "నా మాట విను. మిగతాది గీసెయ్. ఇన్నాళ్ళు తిన్నగా పోయిన గీత ఇంకొంచెం తిన్నగా పోదా?"

"పోయేదేనండి."

"మరి?"

"పోలేదు."

ఆయన కాసేపు చెప్పులతో నేల రాసి, "ఆలోచించుకో. నీ ఉద్యోగం కోసమే చెబుతున్నా" అని వెళ్ళిపోయాడు. నిజానికి ఆయన చెప్పింది అబద్ధం కాదు. ఒక్క గీత. ఎవరికీ తెలియదు. పెన్సిలు కూడా అక్కర్లేదు, కంప్యూటరులో ఒక మీట నొక్కితే చాలు.

ఇంటికి వెళ్ళేసరికి అక్క జాకెట్టు చేతులు కుడుతోంది. అమ్మాయి మంచం మీద కూర్చుని అంతా చెప్పింది. ఏడవలేదు. ఉబ్బిన బుష్షును చేతిరుమాల్లో చుట్టి తెచ్చింది. దాన్ని తీసి మిషను బల్ల మీద పెట్టింది.

"గుడ్డకి నూనె అంటుతుందే" అంది అక్క. అని దాన్ని చేతిలోకి తీసుకుంది. "ఇంత చేసి ఇదా?"

బావ గుమ్మంలో నిలబడి విన్నాడు.

"వాళ్ళ మీద కోపం రావాలి గానీ" అన్నాడు, "నిజం చెప్పనా మరదలా? నేనైనా పోసేవాణ్ణి."

"మీరూనా?" అంది అక్క.

"కిర్రుమంటే ఏం చేస్తారే ఎవరైనా? బస్సు తలుపు కిర్రుమంటే డబ్బా తీసుకుంటా. తాళం బిగిస్తే డబ్బా తీసుకుంటా. రేపు దీన్ని ఎవరి బావి గిలకలోనో పెడతారు. పొద్దున్నే కిర్రుమంటుంది. నీ పేపరు చదివి ఊరుకుంటాడా వాడు?"

అమ్మాయి తలెత్తింది.

"పోసేస్తాడు" అంది.

"పోసేస్తాడు. మీ డైరెక్టరు కంటే ముందే."

ఆమె అక్క చేతిలోంచి బుష్షు తీసుకుంది. దీపం కిందికి తెచ్చి తిప్పి తిప్పి చూసింది. అది ఎక్కడ ఉబ్బింది, ఎంత ఉబ్బింది, మైనం ఎటు నుంచి కారింది, అన్నీ దాని ఒంటి మీద రాసినట్టే ఉన్నాయి. ఇన్నేళ్ళలో తను ఒక్కసారి కూడా దానికి నూనె పోసి చూడలేదు. పొయ్యకూడదని తనకు తెలుసు గనుక.

"స్కేలు ఉందా అక్కా?"

"టేపు ఉంది. గుడ్డ కొలిచేది."

"వద్దులే. రేపు లాబ్‌లో చూస్తా" అంది. అని అన్నం అడిగింది.

తర్వాతి రోజుల్లో ఆమె షెడ్డు వదల్లేదు. బుష్షును తూచింది, కోసింది, కొలిచింది. గ్రాఫులో గీతను నూనె పడిన చోటిదాకా ఉన్నదున్నట్టు గీసింది. అక్కడ బాణం గుర్తు పెట్టి, కింద 'నూనె పోశారు' అని రాసింది. ఆ తర్వాత గీత గోడెక్కినట్టు నిట్టనిలువుగా లేచి ఆగిపోయింది. కొత్తగా ఒక భాగం చేర్చింది: పొరపాటున నూనె తగిలితే ఈ బుష్షుకు ఏమవుతుంది. నీలం గీత నీలంగానే ఉంచింది. నీలం చేసినాయన పని కూడా పనే.

వాక్యాలు చివర్లో రాసింది. డైరెక్టరు అబద్ధం రాయొద్దన్నాడు. ఆమె నిజమే రాసింది. 'మొదటి రచయిత, నడుస్తున్న ప్రయోగంలో బుష్షుకు తన చేతులతో నూనె పోశారు, రెండుసార్లు. రెండో రచయిత ఆ సమయంలో పక్కనే ఉండి, కోటు జాగ్రత్త అని చెప్పారు. మూడో రచయిత ఒక కామా తీసి, తిరిగి పెట్టారు. నాలుగో రచయితకు చెందిన భవనంలో యంత్రం ఉంది.' అలా చివరిదాకా రాసి, తన వంతు వచ్చేసరికి, 'మిగిలింది తొమ్మిదో రచయిత చేశారు' అని ఆపింది. ఒక్కొక్క వాక్యం పక్కనా ఎర్రచీటీ అతికించింది.

ఇందులో ఆమెకు భయం లేదని కాదు. కాగితం పట్టుకుని డైరెక్టరు గది గుమ్మందాకా వచ్చి రెండుసార్లు వెనక్కి తిరిగి, మూడోసారి బల్ల ముందుకు వెళ్ళింది. ఆయన ఫోనులో మాట్లాడుతున్నాడు. చెయ్యి చాచాడు. నాలుక చూశాడు. సంతకం పెట్టాడు. పక్కకు తోశాడు.

"ఫొటో చేర్చావా?" అన్నాడు ఫోను మూసి పట్టుకుని.

"చేర్చానండి. బాణం గుర్తు పక్కనే."

"గుడ్" అన్నాడు.

గైడు మాత్రం చదివాడు. భయస్థులు అప్పుడప్పుడు చదువుతారు. మొదటి వాక్యం దగ్గర ముఖం పాలిపోయింది, రెండో దానికి చెమట పట్టింది. "ఏంటమ్మా ఇది?" అనబోయి, మొదటి వాక్యం కింద సంతకం చూశాడు. ఆ సంతకం ఉన్న కాగితాన్ని తప్పన్న అలవాటు ఆయనకు లేదు. కాసేపు కలం మూత తీస్తూ పెడుతూ ఉన్నాడు. తర్వాత తన నాలుక పక్కన తనూ పెట్టాడు. ఇక మిగిలినవాళ్ళకు అడ్డేముంది?

కామా మాస్టారు సంతకం పెట్టి, తిరిగిస్తూ, "మొత్తం మీద బాగా వచ్చింది" అన్నాడు.

పేపరు వెళ్ళింది. అమ్మాయి రోజులు లెక్కపెట్టడం మానేసింది, లెక్కపెడితే తరగతుల రోజు దగ్గరవుతోంది. ఒక మధ్యాహ్నం డైరెక్టరు పిలుస్తున్నాడని అటెండరు వచ్చాడు. "వెంటనే రమ్మన్నారు. ఎవరో పత్రికాయన ఫోను చేశాట్ట" అన్నాడు.

ఆమె వసారాలో నడుస్తూ ఏం చెప్పాలో అనుకుంది. ఏదీ నిలబడలేదు. గదిలో గైడు అప్పటికే ఉన్నాడు, తలుపుకు దగ్గరగా.

డైరెక్టరు లేచి నిలబడ్డాడు. ఆమె కోసం ఆయన లేవడం అదే మొదటిసారి.

"పేపరు తీసుకున్నారమ్మా! సంపాదకుడే చేశాడు ఫోను. రివ్యూయరు ఏమన్నాడట తెలుసా? బుష్షు మిగతా కాలం తిరగకపోయినా ఫరవాలేదు, నూనె భాగం ఒక్కటే అసలైన కొత్త సంగతన్నాడట. కొత్త బుష్షు చేసేవాళ్ళు చాలామంది ఉన్నారు, దాన్ని వాడే మనిషి ఏం తప్పు చేస్తాడో ముందే చేసి చూసినవాళ్ళు ఎవరూ లేరన్నాడట. ఆ ఆలోచన ఎవరిదని అడిగాడు."

"ఏం చెప్పారండి?"

"వాక్యం ఉంది కదా. సంతకం కూడా ఉంది." ఆయన కుర్చీలో వెనక్కు వాలాడు. "నేను నూనె ఊరికే పోశాననుకున్నావా?"

అమ్మాయి గైడు వైపు చూసింది. గైడు కిటికీ వైపు చూశాడు.

"లేదండి" అంది.

"ఇంత నిజాయితీగా రాసిన వాక్యాలు ఇంతవరకు చూడలేదన్నాడు. అందరికీ నమూనాగా చూపిస్తాడట. ఒక్క బిల్డింగు పేరే తీసేశారు. భవనానికి కృతజ్ఞతలు చివర్లో చెప్పుకోమన్నారు."

బిల్డింగు సారు ఆ వారమంతా షెడ్డుకు కరెంటు ఆపించాడు. అప్పటికి దాంతో అవసరం తీరిపోయింది. పత్రిక మాట చూపించగానే కాలేజీ వాళ్ళు రమ్మన్నారు. బావ ఆ కబురు విని, "పాసులవాళ్ళలో ఒకణ్ణి దింపారన్నమాట" అని, మరదలికి పెట్టె కట్టే తాడు తేవడానికి బజారుకు వెళ్ళాడు.

అమ్మాయి ఆఖరి కాగితాల కోసం సంస్థకు మళ్ళీ వచ్చేసరికి కొన్నాళ్ళు గడిచాయి. గేటు తోస్తే కీచుమంది. ఆఫీసు తలుపు ఇంకా గట్టిగా అరిచింది. వసారా పొడుగునా ఎవరు ఏ గదిలోకి వెళ్ళినా లోపలివాళ్ళకు తెలిసిపోతోంది.

"ఏమైంది మేస్త్రీ?"

మేస్త్రి అటూ ఇటూ చూశాడు. "పెద్దాయన ఇప్పుడు నూనె మీద ఉపన్యాసాలు ఇస్తున్నాడమ్మా. ఊళ్ళూళ్ళూ తిరుగుతున్నాడు. అవసరం లేని నూనె వల్ల ఎంత నష్టమో చెబుతున్నాడట. ఆయన అనుమతి లేకుండా ఇక్కడ దేనికీ చుక్క పొయ్యకూడదని ఆర్డరు."

"తలుపులవి ఇనుప బందులు కదా?"

"చెప్పినవాళ్ళు లేరు. చెప్పబోయినాయన కోటు బాగుందన్నాడు."

డైరెక్టరు గది గోడ మీద పేపరు మొదటి పేజీ అద్దంలో ఉంది, పక్కన నూనె పోస్తున్న ఫొటో. కాగితాల మీద సంతకం పెట్టి ఆయన చనువుగా చెయ్యూపాడు.

"వెళ్ళిపోతున్నావని నిన్ను మరిచిపోతామనుకోకు. కొత్త పేపరు మొదలుపెట్టాం, తలుపుల చప్పుడు మీద. మన భవనంలో ఇంత చప్పుడు ఎందుకొస్తోందో ఎవరికీ అంతుబట్టడం లేదు. నీ పేరు కూడా పెట్టాం."

"నేనేం చెయ్యలేదు కదండి."

"చెయ్యక్కర్లేదమ్మా. నువ్వు మన మనిషివి. ఆ వాక్యం గొడవ ఒకటి ఉందనుకో, నువ్వేం చేశావని రాయాలో చెప్పు చాలు." ఆయన ఎర్రచీటీ ఉన్న కాగితాన్ని ఆమె వైపు జరిపాడు.

ఆమె నిలబడే దాన్ని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరందాకా చదివింది. ఆ గదిలో అంతసేపు ఎవరూ ఏదీ చదవలేదు. డైరెక్టరు ఏం తోచక కలం అటూ ఇటూ జరిపాడు.

చదవడం అయ్యాక ఆమె ఎర్రచీటీని నెమ్మదిగా ఊడదీసి బల్ల అంచుకు అతికించింది.

"తలుపు తీసుకుని వెళ్ళిపోయిందని రాయండి" అంది.

ఆమె తలుపు తీసింది. ఆ చప్పుడు షెడ్డుదాకా వినిపించింది.